దధీచి ఎముక, నాయనమ్మ తుంటి

సంచయనం రోజు పొద్దున శ్మశానంలో మాటలు తక్కువ. చల్లారిన బూడిద మీద ముందు నీళ్ళు, తర్వాత పాలు చల్లుతారు. పురోహితుడు చెప్పే వరసలో పెద్దకొడుకు ఒక్కో ఎముక ముక్కా ఏరి కొత్త ముంతలో వేస్తాడు. తెల్లగా, తేలిగ్గా, కాస్త గట్టిగా పట్టుకుంటే వేళ్ళ మధ్యే పొడైపోయేలా ఉంటాయవి. ఈ మధ్య ఆ ఏరడంలో ఎముక కానిదొకటి చేతికి తగులుతోంది. జానెడు పొడవున, మంటకు నల్లబారిన లోహపు కమ్మీ. పక్కనే రెండు మరలు.

"ఇదేంటండీ పంతులుగారూ?"

"మీ అమ్మగారికి తుంటిలో రాడ్డు వేయించారు కదా బాబూ, అదే. పక్కన పెట్టండి, ముంతలో వెయ్యకండి."

"నాయనమ్మదే కదా నాన్నా, మరి అది కూడా కలపొద్దా?" అంటాడు వెనకాల నిలబడ్డ మనవడు. తండ్రి దగ్గర జవాబు ఉండదు. కమ్మీని పాత దినపత్రికలో చుట్టి స్కూటర్ డిక్కీలో పెడతాడు. ముంత పున్నమి ఘాట్‌కి వెళుతుంది, కృష్ణలో కలుస్తుంది.

ఆ ఇంటికి పేరు పెట్టక్కర్లేదు. బెజవాడ భవానీపురంలో ఏ వీధిలోనైనా ఉండే ఇల్లే. కథ కూడా తెలిసినదే. కార్తీకమాసంలో తెల్లవారుజామున తలస్నానానికి లేచిన పెద్దావిడ బాత్రూం గడప దగ్గర జారింది. పెద్ద దెబ్బేమీ కాదు, నిలబడ్డ మనిషి కూలబడింది, అంతే. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, మంచం దిగింది, మళ్ళీ మంచం పట్టింది, వేసవి రాకముందే వెళ్ళిపోయింది. తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు అయిదో వంతు మంది ఏడాది తిరగకుండానే పోతారని వైద్యుల లెక్క. బతికిన వాళ్ళలో చాలామంది మునుపటిలా సొంతంగా నడవలేరు.

ఆవిడ బతికుండగా ఎవరైనా పాలు తాగమంటే అనే మాట ఒకటుంది. "కట్టెలో కాలేదానికి పాలెందుకురా?"

పాలు చివరికి పోశారు, బూడిద మీద.

ఆవిడ మాటను వేళాకోళంగా కొట్టేయడానికి లేదు. దాని వెనక వేల ఏళ్ళ వేదాంతం ఉంది. దేహం నేను కాదు, ఇల్లు నాది కాదు, పోయేదాని మీద మమకారం పెంచుకోకు అనే బోధ ఈ నేల మీద హరికథల్లో, తత్త్వాల్లో, పురాణ కాలక్షేపాల్లో ఇంటింటికీ చేరింది. అందుకే ఎముకలు గుల్లబారే జబ్బు గురించి మాట్లాడబోతే కాల్షియం కంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. కాలిపోయేదాన్ని కాపాడుకోవడం మోహమా, ధర్మమా?

సంప్రదాయం ఒకే గొంతుతో మాట్లాడుతుందనుకుంటే పొరపాటు. భవానీపురం పేరులో ఉన్న భవాని పార్వతే. ఆ పార్వతి శివుడి కోసం తపస్సు చేస్తూ రాలిన ఆకులు తినడం కూడా మానేసి అపర్ణ అయింది. కాళిదాసు కుమారసంభవంలో మారువేషంలో వచ్చిన శివుడు ఆ చిక్కిన పిల్లను చూసి ముందు ఒంటి సంగతి అడుగుతాడు. ధర్మం చేయాలన్నా తొలి పనిముట్టు శరీరమే కదా అని గుర్తుచేస్తాడు. ఎవరి కోసం ఉపవాసం చేస్తున్నామో ఆయనే వచ్చి తిన్నావా అని అడగడం చిన్న విషయం కాదు. తైత్తిరీయోపనిషత్తులో భృగువు బ్రహ్మాన్ని వెతకడం అన్నంతోనే మొదలుపెడతాడు. గీతాకారుడికి అతిగా తినేవాడిలో యోగి కనబడడు, బొత్తిగా తిననివాడిలోనూ కనబడడు. గౌతముడైతే ఎముకల గూడయ్యేదాకా ఎండి, అది దారి కాదని తేల్చుకుని, సుజాత పెట్టిన పాయసం తిన్న తరువాతే బోధివృక్షం కింద కూర్చున్నాడు. పాయసమంటే పాలే.

అయినా ఇవి పండితుల జవాబులు. అసలు జవాబు ఎముకలోనే ఉంది, దాన్ని దగ్గరగా చూస్తే.

తెలుగువాళ్ళకు ధాతువు అనే మాట మూడు దారుల్లో వచ్చింది. వ్యాకరణంలో అది క్రియకు మూలం. ఆయుర్వేదంలో ఒంటిని నిలబెట్టే సప్తధాతువుల్లో ఒకటి; రసం, రక్తం, మాంసం, మేదస్సు, తర్వాత అయిదోది అస్థి. బౌద్ధంలో ధాతువంటే మహాత్ముడి ఎముక. కృష్ణ కిందికి పోతే రేపల్లె దగ్గర భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ రాతలు క్రీస్తుకు పూర్వానివి. లోపల స్ఫటికపు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క. అది బుద్ధుడి ధాతువేనని నమ్మి 1920లో కలకత్తాలో మహాబోధి సంఘానికి అప్పగించారు. అన్నీ అనిత్యమని చెప్పినవాడి ఎముకను ఇన్ని పొరల్లో దాచుకోవడం వింతే. మనిషికి ఏదో ఒకటి మిగలాలి. మిగిలేది ఎముక ఒక్కటే.

ఎందుకు మిగులుతుందో చెప్పడం తేలికే. ఎముకలో రెండు సరుకులున్నాయి. ఒకటి కొల్లాజెన్ అనే మాంసకృత్తి, సాగే గుణం దానిది. రెండోది కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన లవణం, గట్టితనం దానిది. చితిలో మొదటిది కాలిపోతుంది, రెండోది మిగులుతుంది. సంచయనం నాటి ముక్క వేళ్ళ మధ్య పొడైపోయేది అందుకే. పట్టు పోయి రాయి మిగిలింది.

అదే 1892లో, భట్టిప్రోలులో ఆ ఎముకను పేటికలోంచి తీస్తున్న ఏడాదే, బెర్లిన్‌లో జూలియస్ వోల్ఫ్ అనే శస్త్రవైద్యుడు ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఎముక రాయి కాదు, దాని మీద పడే బరువును బట్టి లోపలి అల్లికను మార్చుకుంటూ పోతుందని అందులో తేల్చాడు. కాకతాళీయమే. కానీ ఇక్కడ ఎముకను శాశ్వతమని గుడి కట్టి దాస్తే, అక్కడ అది క్షణం కూడా ఒకేలా ఉండదని రాశారు. బుద్ధుడు వింటే రెండోదానికే తల ఊపేవాడు.

ఆ మార్పు ఎలా జరుగుతుందో బెజవాడ వాళ్ళకు కరకట్ట మాటల్లో చెబితే వెంటనే అందుతుంది. ఒంట్లో ఎముకల మీద రెండు కూలీ ముఠాలు పగలూ రాత్రీ పనిచేస్తుంటాయి. ఒక ముఠా పాతబడ్డ ఎముకను తవ్విపోస్తుంది. రెండోది ఆ గుంటలో కొత్త ఎముకను పూడుస్తుంది. పెద్దవాళ్ళలో ఏడాదికి సుమారు పదో వంతు అస్థిపంజరం ఇలా కొత్తదవుతుంది. తవ్వకం వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి నెలలు పడుతుంది. ముప్పై ఏళ్ళ లోపు పూడ్చేవాళ్ళది పైచేయి. ఆ వయసుకి ఎముక తన జీవితంలోకెల్లా గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత తవ్వేవాళ్ళు మెల్లగా ముందుకొస్తారు. ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోయాక, ఇన్నాళ్ళూ ఆ తవ్వకం ముఠాను అదుపులో పెట్టిన ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. మేస్త్రీ లేని పని. అయిదు నుంచి ఏడేళ్ళలో ఇరవై శాతం దాకా ఎముక కరిగిపోవచ్చు. నొప్పి ఉండదు, జ్వరం రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు అందరికీ కనిపించింది నీళ్ళు. కట్ట బలహీనపడటం అంతకు ముందు ఎన్నాళ్ళ మాటో. మణికట్టు, వెన్నుపూస, తుంటి. ఎముకకు గండి పడేది ఎక్కువగా ఈ మూడు చోట్లే. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే విరిగిందంటే తప్పు నేలది కాదు.

వెన్నుపూసల సంగతి ఇంకా మోసం. చాలాసార్లు అవి పడకుండానే నలిగిపోతాయి. మనిషి రెండు అంగుళాలు పొట్టి అవుతుంది, నడుం వంగుతుంది, చీర కుచ్చిళ్ళు నేలను ఊడుస్తుంటాయి. ఇంట్లో వాళ్ళు "వయసు కదా" అనేస్తారు. గూని వయసు గుర్తు కాదు, విరిగిన ఎముకల గుర్తు కావచ్చు.

ఇక్కడ కృష్ణాతీరపు తత్త్వవేత్త ఒకాయన్ని పిలవక తప్పదు. శ్రీపర్వతంతో, అమరావతితో సంప్రదాయం ముడిపెట్టిన నాగార్జునుడు. వస్తువుకు మారని స్వభావమంటూ ఉంటే ప్రపంచంలో ఏదీ పుట్టదు, పెరగదు, బాగుపడదు అన్నది ఆయన వాదం. శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదు. అన్నీ మరికొన్నిటి మీద ఆధారపడి నిలబడటం. ఎముకకు ఇంతకంటే నిక్కమైన నిర్వచనం వైద్య పుస్తకంలోనూ దొరకదు. తిన్న పెరుగు మీద, తగిలిన ఎండ మీద, నడిచిన నడక మీద, ఒంట్లో ఊరే రసాల మీద ఆధారపడి అది నిలబడుతుంది. అంతరిక్షంలో బరువు తెలియక తేలుతూ ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒక శాతం పైగా తరుగుతుంది. అనిత్యమన్న మాటను పెద్దావిడ ఒకవైపే విన్నది. ఎలాగూ పోయేదే అని. రెండో వైపూ ఉంది. మారేదైతేనే మార్చగలం. ఎముక నిజంగా రాయే అయితే నలభై ఏళ్ళావిడ పాలు తాగినా, మెట్లెక్కినా దండగే అయ్యేది.

దేహాన్ని వదలడమా, కాపాడుకోవడమా అన్న ఈ బేరీజు భీమవరంలో పుట్టిన ఒక కుర్రాడి జీవితంలో కూడా జరిగింది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టాడు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలని ఆయన కోరిక. వైద్యం చదివి జనానికి సేవ చెయ్యమని మఠం వాళ్ళే ఇటు మళ్ళించారు. మద్రాసులో చదివి, హార్వర్డ్ చేరి, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని జీవరసాయన ప్రయోగశాలలన్నీ దశాబ్దాల పాటు వాడాయి. ఎముకలో కాల్షియానికి జోడీ ఆ ఫాస్ఫరసే. దేహాన్ని వదిలేద్దామనుకున్నవాడు చివరికి దేహంలోని ధాతువును కొలిచే కొలబద్ద ఇచ్చిపోయాడు.

పొలం ఎంత పచ్చగా ఉన్నా గాదె సంగతి వేరు. ఒంటికి గాదె ఎముకే; ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మిగతా ఒక్క శాతం రక్తంలో, కణాల్లో తిరుగుతూ గుండెను కొట్టిస్తుంది, కండరాన్ని ఆడిస్తుంది. రక్తంలో అది తగ్గితే ఒళ్ళు ఊరుకోదు, వెంటనే ఎముక గాదెలోంచి తీస్తుంది. రోజూ తియ్యడమే తప్ప నింపడం లేకపోతే గాదె కింద పందికొక్కు పడ్డట్టే. కృష్ణా డెల్టా అన్నపూర్ణే, కానీ దాని అన్నం మరపట్టిన తెల్లబియ్యం. వంద గ్రాముల తెల్లబియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. అదే తూకం రాగుల్లో 350 దాకా ఉంటుంది. గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి దాటుతుంది. అయితే నువ్వుల్ని గుప్పెళ్ళతో తినేవాళ్ళెవరు, చిమ్మిలి ఉండ ఒకటి చాలు. మునగాకు, తోటకూర సరేసరి. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి నిర్ణయించాయి.

ఎంత అందుతోంది? ఆ సంస్థలోనే పనిచేసిన వీణా శత్రుఘ్న బృందం హైదరాబాద్‌లో పేద కుటుంబాల ఆడవాళ్ళను 289 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. వయసు ముప్పై నుంచి అరవై లోపు. వాళ్ళ తిండిలో రోజుకు అందుతున్న కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. తుంటి మెడ దగ్గర కొలిస్తే దాదాపు 29 శాతం మందికి ఎముకలు జబ్బు స్థాయికి గుల్లబారి ఉన్నాయి. వీళ్ళు కట్టెలో కాలే వయసు వాళ్ళు కారు. బిడ్డల్ని బడికి పంపి పనికి పోయేవాళ్ళు. ఈ లెక్క చూశాక అనిత్యం, వైరాగ్యం అన్న మాటలు పేదింటి ఆడమనిషి పళ్ళెం ముందు పలకాలంటే సిగ్గు వేయాలి. ఆమె మానేసింది కాదు, ఆమెకు చేరలేదు.

ఉన్న ఇళ్ళలో చేరకపోవడానికి ఇంకో దారి ఉంది. సోమవారం ఒంటిపూట, శనివారం పలహారం, ఏకాదశి నీళ్ళు, కార్తీకమంతా నక్తాలు. వ్రతాల్లో తప్పేమీ లేదు. రాత్రి చుక్క చూసి తినేటప్పుడు ఏం తింటున్నారన్నదే సంగతి. ఇడ్లీ, చట్నీ, ఒక అరటిపండుతో సరిపెట్టి కాఫీ రెండుసార్లు తాగితే గాదె నుంచి తీసిందే ఎక్కువ. అదే నక్తం రాగిజావ, పెరుగు, నువ్వుల పొడితో ముగిస్తే ఏ పురోహితుడూ కాదనడు. వ్రతాన్ని ముట్టుకోకుండా పళ్ళేన్ని మార్చవచ్చు.

మతం ఇచ్చింది కూడా తక్కువ కాదు. ఇంద్రకీలాద్రి మెట్లు, భవానీ దీక్షలో ఎర్రబట్టలు కట్టి చేసే గిరి ప్రదక్షిణ, గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు, ఇవన్నీ వోల్ఫ్ చెప్పిన సూత్రానికి ఆచరణే. తన బరువు తానే మోస్తూ నడిస్తేనే ఎముకకు కబురు అందుతుంది. కారులో కొండెక్కి లిఫ్టులో అమ్మవారి దాకా వెళితే పుణ్యం వస్తుందేమో, తుంటికి మాత్రం తెలియదు. మోకాళ్ళు బాగున్నవాళ్ళ సంగతి ఇది, లేనివాళ్ళు డాక్టర్ని అడిగి నడవాలి.

సూర్యుడి దగ్గర చిన్న తిరకాసుంది. సూర్యోదయాన అర్ఘ్యం ఇచ్చే లేలేత ఎండ ఎముకకు మంచిదని అందరూ నమ్ముతారు. డి విటమిన్ తయారుకావడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలు ఆ వేళ నేలకు సరిగా చేరవు. ఏటవాలుగా వచ్చే ఎండలో అవి గాలిలోనే వడపోతకు గురవుతాయి. తిరుపతి స్విమ్స్‌లో సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనల్లో పదకొండు నుంచి రెండు మధ్య ఎండే పనికొస్తుందని తేలింది. మన నీడ మన కంటే పొట్టిగా ఉన్న వేళ అన్నమాట. అదే బృందం 2007లో ప్రచురించిన పనిలో చిత్తూరు జిల్లా పల్లెల్లో పొలం పనులు చేసేవాళ్ళలో సైతం చాలామందికి డి విటమిన్ చాలడం లేదని, తిండిలో కాల్షియం తక్కువగా, దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఎక్కువగా ఉన్నాయని చూపింది. బెజవాడ ఎండను తిట్టనివాడు లేడు. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కమని ఎవరూ చెప్పరు గానీ, మార్గశిరంలో పదకొండింటికి ముంజేతులు, కాళ్ళు ఎండకి పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోవచ్చు.

మాత్రల దగ్గర ఇంకో ధర్మసందేహం మొదలవుతుంది. శాకాహారులు అడుగుతారు, ఈ క్యాప్సూల్ దేనితో చేశారని. న్యాయమైన ప్రశ్న. మెత్తటి క్యాప్సూళ్ళు చాలావరకు జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జెలటిన్‌తో చేసినవే. డి3 ఎక్కువగా గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచి వస్తుంది; గొర్రెను చంపనక్కర్లేదు. పూర్తి శాకాహారం కావాలంటే రాతిపువ్వు లాంటి లైకెన్ నుంచి తీసిన డి3, డి2 కూడా ఉన్నాయి. మందుల షాపులో అడిగితే చెబుతారు, అడగడానికి మొహమాటం అనవసరం. అయితే డాక్టర్ చూడకుండా మాత్రలు మింగడం వేరే పొరపాటు. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షకు పది పదిహేను నిమిషాలు చాలు. టి స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ వస్తే దాన్ని జబ్బు అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీత గీసింది. నెలసరి త్వరగా ఆగినవాళ్ళు, ఉబ్బసానికో కీళ్ళవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, తల్లికి తుంటి విరిగినవాళ్ళు ముందుగా చేయించుకోవాలి. ఆ చివరి మాట మన కథలోని కూతుళ్ళ కోసం. వారానికొకటి వేసుకునే అలెండ్రోనేట్ లాంటి మందులున్నాయి. పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో మింగి, అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రి వెలిగే చిన్న బల్బు. ఇవి మందుల కంటే చవక.

దధీచి సంగతి మిగిలింది. వృత్రాసురుణ్ణి చంపడానికి ఇంద్రుడు వెళ్ళి ఎముకలు అడిగితే మహర్షి ప్రాణం వదిలి ఇచ్చేశాడు, విశ్వకర్మ వాటితో వజ్రాయుధం చేశాడు. త్యాగానికి ఇంతకంటే పెద్ద కథ లేదు. తల్లుల్ని పొగడాల్సి వచ్చినప్పుడు మన ఉపన్యాసకులు దధీచినే తెస్తారు, ఎముకలు అరగదీసి పిల్లల్ని పెంచిందని. ఒక విధంగా అది అక్షరాలా నిజం. పాలిచ్చే నెలల్లో తల్లి ఎముకల్లోంచే కొంత కాల్షియం బిడ్డకు పోతుంది. పాలు మాన్పించాక సరైన తిండి ఉంటే అది చాలావరకు తిరిగి చేరుతుంది.

పోలిక మాత్రం సరిగా చదవాలి. దేవతలు అన్ని లోకాలూ వదిలి ఆ ఒక్క రుషి దగ్గరికే ఎందుకు వెళ్ళారు? వ్రతంతో, తపస్సుతో, విద్యతో గట్టిపడ్డ దేహమది అని భాగవతం చెబుతుంది. గుల్లబారిన ఎముకతో వజ్రం తయారు కాదు. ఇంకొకటి, ఆయన్ని వచ్చి అడిగారు, ఆయన సరేనన్నాడు. వంటింట్లో చివరి పంక్తిలో కూర్చునేవాళ్ళను అడిగినవాళ్ళు ఎవరు? వాళ్ళు సరేనన్నది ఎప్పుడు? అడగకుండా తీసుకున్నదాన్ని దానమని పిలవడం ఏ ధర్మశాస్త్రం లెక్కలోనూ కుదరదు.

పన్నెండో రోజు భోజనాలు ఆ ఇంటి డాబా మీద, షామియానా కింద. మొదటి పంక్తి భోక్తలు, రెండో పంక్తి చుట్టాలు, మూడో పంక్తి ఇరుగుపొరుగు. గారెలు, బూరెలు, పులిహోర, అరటికాయ వేపుడు. ఆఖరి పంక్తిలో ఇంటి కోడళ్ళు, ఆడపడుచులు కూర్చునేసరికి రెండున్నర అయింది. వడ్డించేవాడు పెరుగు బేసిన్ వంచి గరిటెతో గీకి చూశాడు, నాలుగు విస్తళ్ళకు కూడా రాదు.

"పర్లేదులే, మాకు మజ్జిగైనా చాలు" అంది పెద్దకోడలు. ఆవిడకు యాభై దాటాయి.

"ఉండమ్మా, నేను తెస్తా" అని మనవడు తాళం తీసుకుని మెట్లు దిగాడు. సందు చివర కొట్టులో అయిదు పెరుగు పాకెట్లు కొని, పెట్టడానికి స్కూటర్ డిక్కీ తెరిచాడు. అడుగున పాత దినపత్రిక పొట్లం, అలాగే ఉంది. విప్పి చూశాడు. చేతిలో పట్టుకుంటే అనుకున్న దానికంటే బరువుంది. మళ్ళీ చుట్టి ఒక పక్కకి జరిపి, పాకెట్లు దాని పక్కన సర్దాడు.